వెంట్రుకవాసి వంకర

రికార్డుల దుకాణం అక్క ఒక గోతాం తెచ్చి మావయ్య బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయిన దగ్గర పోయిన వారం కథ ఆగింది. గోతాంలోవన్నీ ‘గాజు గొడుగు’ పాట రికార్డులే. కొత్తవి, ఒక్క గీత కూడా పడనివి. అయినా కొన్నవాళ్ళు తిరిగి తెచ్చిచ్చారు. “ఇవి దొంగ సరుకట. అసలు పాట ఊగుతుందట, ఇది కుదురుగా ఉందట. మీ మంచి సరుకు మీరే ఉంచుకోండి” అని ఆవిడ చేతులు దులుపుకుంది.

రికార్డులు పోసే ఆ కార్ఖానాలో అందరూ ఆయన్ని మావయ్య అనే పిలుస్తారు గాని, నిజానికి ఆయన మేనమామ అయింది ఒక్కడికే. ఆ పాట కట్టి పాడినవాడికి. ‘తేలే కుర్చీలు’ అని పేరు పెట్టుకున్న నలుగురు కుర్రాళ్ళ జట్టుకు వాడే పెద్ద. వాళ్ళ పాటలో ఆర్గన్ నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంటుంది. గిటారు జబ్బు చేసిన పిల్లిలా మూలుగుతుంది. మాటలకు మొదలూ తుదా ఉండవు. అన్నిటినీ మించి పాట మొత్తం పడవలో కూర్చోబెట్టినట్టు ఎత్తి దించుతూ ఊగుతుంది. జనం పడిచచ్చింది ఆ ఊపుకే.

ఆ ఊపు ఎక్కడిదో మావయ్యకు తెలిసిపోయింది. పాత రికార్డునూ కొత్తదాన్నీ ఒకే యంత్రం మీద తిప్పి చూశాడు. పాతదానిలో బెజ్జం నడిమధ్యన లేదు. వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అందుకే పళ్ళెం తిరిగినప్పుడల్లా ముల్లు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నడుస్తోంది. పాట సాగుతోంది, ముడుచుకుంటోంది. రికార్డులు పోయడానికి ఒక అచ్చు ఉంటుంది, పాట గాడులన్నీ తిరగబడి ఉన్న పల్చటి లోహపు పళ్ళెం. దానికి బెజ్జం కొట్టినప్పుడు జరిగిన తప్పు అది. ఆ అచ్చు అరిగిపోయి కొలిమికి పోయింది. రెండో అచ్చుకు బెజ్జం మావయ్యే కొట్టాడు. సరిగ్గా కొట్టాడు. సరిగ్గా కొట్టినందుకే సరుకు తిరిగొచ్చింది.

తప్పు సరుకు బంగారమై, ఒప్పు సరుకు గోతాంలో వాపసు రావడం ఆయన ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎన్నడూ చూడలేదు. అంతటితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాడే. కాని మొదటి అచ్చుకు బెజ్జం కొట్టిందెవరు? ఆ పని చేసేది కార్ఖానాలో ఒక్క మనిషే. ఆయన చెల్లెలు. పాడినవాడి తల్లి. రెండో అచ్చు వచ్చిన వారం ఆవిడకు జ్వరం కాబట్టి ఆయన కూర్చున్నాడు గాని, లేకపోతే ఆ కుర్చీ ఆవిడదే. భర్త పోయిన ఏడాది మొదలు ఆ కుర్చీలోనే కూర్చుని పిల్లవాణ్ణి పెంచింది. ఆవిడ చెయ్యి ఇప్పటిదాకా తప్పలేదు. కొడుకు మొదటి పాటకే ఎందుకు తప్పింది?

ఆ ప్రశ్న గొంతులో చేపముల్లులా ఉండగానే బయట మెట్ల మీద టకటకమని చెక్క మడమల బూట్ల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వీధి మలుపులో మొదలైతే కార్ఖానా వెనక గదిదాకా తెలుస్తుంది. వాళ్ళమ్మ తల ఎత్తకుండానే “కాళ్ళు తుడుచుకుని రారా” అనేది అందుకే.

“మావయ్యా, తలుపెయ్యి” అంటూ వచ్చాడు అల్లుడు.

ఒంటి మీద కొత్త కోటు. ఒక చెయ్యి పచ్చ, ఒక చెయ్యి ఎరుపు, వీపు మీద పసుపు చక్రాలు, అంచుల్లో అద్దం ముక్కలు.

“ఏంటిరా ఇది? గుడ్డల కొట్టు మీద పిడుగు పడిందా?”

“రేపటి ప్రయాణానికి కుట్టించారు. దర్జీ ఇందాకే ఇచ్చాడు. అమ్మింకా చూళ్ళేదు.” వాడు కూర్చోలేదు. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కుప్ప పైనున్న రికార్డొకటి తీసి, వేడి పెనం ముట్టుకున్నట్టు మళ్ళీ పెట్టేశాడు. “మావయ్యా, ఒకటడుగుతా. నిజం చెప్పాలి. పాటలో ఆ ఊపు నువ్వు పెట్టావా?”

అవతలివాడి చేతిలో ఏముందో తెలియకుండా తన గుప్పెట విప్పడం మావయ్యకు అలవాటు లేదు. “పత్రికలవాళ్ళకు నువ్వే పెట్టానని చెప్పావు కదా. ఒకడికి కలలో వినబడిందన్నావు, ఇంకొకడికి ఉయ్యాల ఊగుతుంటే తట్టిందన్నావు. నన్నడుగుతావేం?”

“అబద్ధం చెప్పా.”

“అది నాకూ తెలుసు. ఉయ్యాలంటే నీకు చిన్నప్పట్నుంచి వాంతులు.”

వాడు నవ్వలేదు. వాడు నవ్వకపోయేసరికి మావయ్యకు భయం వేసింది.

“మేం పాడినప్పుడు అది లేదు మావయ్యా. రికార్డు చేతికొచ్చాక నలుగురం కూర్చుని విన్నాం. ఊగుతోంది. నేను ఆర్గన్‌వాడు ఏదో చేశాడనుకున్నా. వాడు నేను చేశాననుకున్నాడు. డ్రమ్ములవాడు స్టూడియో ఇంజనీరు తెలివి అనుకున్నాడు. తెలీదంటే ఎక్కడ వెర్రివాళ్ళమవుతామో అని ఒకణ్ణొకడు మెచ్చుకున్నాం. ‘భలే పెట్టావురా’ అంటే ‘భలే పెట్టావురా’ అని. నిన్న ఇంజనీరును పట్టుకుని అడిగితే, ‘అది మీ పైత్యం అనుకుని నేను నోరు మూసుకున్నా’ అన్నాడు.”

మావయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన చేసిందీ అదే. సరుకు బయటికి పంపేముందు మొదటి రికార్డును వినేది ఆయనే. ఊపు విన్నాడు. వేరే ఏ పాటైనా అయితే యంత్రం ఆపించేవాడు. కాని పిల్లి మూలుగూ నీళ్ళ ఆర్గనూ ఉన్న పాటలో ఏది కావాలని చేసిందో ఏది తప్పో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడని వదిలేశాడు. ఒక్కొక్కడూ పక్కవాడు తెలివైనవాడనుకోవడం వల్ల ఆ తప్పు గుమ్మాలన్నీ దాటుకుని జనంలోకి వెళ్ళిపోయింది.

“రేపు మధ్యాహ్నం పెద్ద రేడియోలో కూర్చోబెడతారు” అన్నాడు అల్లుడు. “పాట వేస్తారు. ఆ ఊపు ఎలా చేశావని అడుగుతారు. చేసి చూపించమంటారు. పొద్దున్నే బస్సు. అక్కణ్ణుంచి ఊరూరా పాడుకుంటూ పోవాలి, ఎప్పుడు తిరిగొస్తామో తెలీదు. బస్సులో వెయ్యమని కంపెనీవాడు కొత్త రికార్డులడిగాడు. అవి ఊగకపోతే నా పని గోవింద. ఊగితే ఇంకా అన్యాయం, ఊగినంతకాలం నేను దొంగని.”

“దొంగేంట్రా?”

“పాట నాది. జనానికి నచ్చింది నాది కాదు. ఎవరిదో చెప్పు. కాళ్ళు పట్టుకుంటా.”

మావయ్య కిటికీ వైపు చూశాడు. ఆయన బుర్రలో తక్కెడ ఊగుతోంది. ఒక పళ్ళెంలో ఈ పిల్లవాడి మనశ్శాంతి. రెండో పళ్ళెంలో చెల్లెలు. బెజ్జం సంగతి చెబితే, కొట్టిందెవరు అంటాడు. అమ్మ అంటే, ఎందుకు తప్పింది అంటాడు. ఎందుకో ఆయనకూ తెలియదు. తెలియదని అనుకోవడానికే ఆయన మూడు పూటలనుంచీ తంటాలు పడుతున్నాడు. తీగ లాగితే కదిలే డొంక ఏమిటో తెలియకుండా లాగేవాడు వ్యాపారి కాడు.

“అది కార్ఖానా రహస్యం” అన్నాడు చివరికి. “ఏ వంటవాడూ ఏది ఎంత వేశాడో చెప్పడు. ఊగే రికార్డులు రేపు నీ బస్సులో ఉంటాయి, అది నా పూచీ. రేడియోలో అడిగితే మా మావయ్యనడగండి అను.”

“అంటే నీకు తెలుసన్నమాట.”

“వెళ్ళి ఏదైనా తిను. మొహం పీక్కుపోయింది. చీకటి పడకముందే రా, మొదటి రికార్డు వినిపిస్తా. వచ్చేటప్పుడు బూట్లు బయటే విప్పు. వెనక గదిలోకి దుమ్ము వస్తే అచ్చు పాడవుతుంది, వెయ్యిసార్లు చెప్పా.”

వాడు గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. “అమ్మతో నేనొచ్చానని అనకు. పొద్దుటినుంచీ నా పెట్టె సర్దుతోంది. పెట్టిన చొక్కానే మళ్ళీ తీసి పెడుతోంది. ఏంటమ్మా అంటే విసుక్కుంది.”

టకటకలు వీధి మలుపుదాకా వెళ్ళి ఆగిపోయాయి. మావయ్య మనసు ఇంకా ఆ చొక్కా దగ్గరే ఉంది.

*

వెనక గదిలో వెలుతురు ఎక్కువ ఉండదు. బల్ల మీద తిరిగే చక్రం, దాని మీద మైక్రోస్కోపు, దానికో చిన్న దీపం, పక్కన బెజ్జం కొట్టే ఇనుప మీట. అంతే. పని కూడా చూడ్డానికి తేలిక. అచ్చును చక్రం మీద పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి. మైక్రోస్కోపులో పాట గాడి పెద్ద కాలవలా కనిపిస్తుంది. అచ్చు నడిమికి కుదరకపోతే ఆ కాలవ అటూ ఇటూ నడుస్తుంది. వేలి కొసతో అచ్చును జరుపుతూ పోవాలి. కాలవ కదలడం మానేసిన క్షణాన మీట దించాలి. ఒకసారి దిగాక ఇక తిరుగు లేదు.

ఇంకా బెజ్జం కొట్టని మూడో అచ్చు గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది. మావయ్య ముందు పాత రికార్డును చక్రం మీద పెట్టాడు. అది ఎటువైపు, ఎంత తప్పిందో కొలిచి, కొత్త అచ్చుకు అంతే తప్పు బెజ్జం తనే కొట్టేస్తే ఈ గండం గడుస్తుంది. చెల్లెలికి చెప్పక్కర్లేదు, అల్లుడికి చెప్పక్కర్లేదు. ఎవరికీ నష్టం లేని బేరం. ఎవరికీ నష్టం లేని బేరం లోకంలో లేదని తెలిసి కూడా ఆయన ఆ కుర్చీలో కూర్చుని, కన్ను అద్దానికి ఆనించాడు. కాలవ ఊగుతోంది. కుడికి, ఎడమకి. మళ్ళీ కుడికి. ఇంత పెద్ద ఊపు పసిపిల్లకు కూడా కనబడుతుంది.

“నా కుర్చీలో ఏం చేస్తున్నావన్నయ్యా?”

ఆయన ఉలిక్కిపడి లేచాడు. చెల్లెలు గుమ్మంలో ఉంది. ఒక చేత్తో తలుపు చెక్క పట్టుకుంది. ఇదివరకు అలా పట్టుకునేదా?

“ఏం లేదే. దుమ్ము తుడుస్తున్నా.”

“నీకు దుమ్ము తుడవడం ఎప్పట్నుంచి వచ్చింది? ఇంట్లో నీ చెప్పులు నువ్వు తుడుచుకోవు.” ఆవిడ లోపలికొచ్చింది. అడుగులు తడబడలేదు. ఆ గదిలో ఆవిడ కళ్ళు మూసుకుని కూడా నడవగలదు. ఆవిడ చేత్తో చక్రం తడిమి, దాని మీదున్నదాన్ని వేళ్ళతో చూసింది. “ఇది అచ్చు కాదు. రికార్డు. వాడిదేనా?”

“పైన కాగితం ఉంది కదా, చదువుకో” అన్నాడు మావయ్య. అనకూడదనుకుంటూనే అన్నాడు. సరుకు బాగుందో లేదో చూడ్డానికి గోటితో గీకినట్టు అన్నాడు.

ఆవిడ రికార్డును మొహం దగ్గరికి తీసుకుంది. సూటిగా చూడలేదు. తల పక్కకు తిప్పి, కోడి గింజను చూసినట్టు కంటి చివరనుంచి చూసింది. తర్వాత మెల్లగా చక్రం మీదే పెట్టింది.

“నాకు పరీక్ష పెడుతున్నావా?”

“బుజ్జీ...”

“పేరు పెట్టి పిలవకు. అడగాల్సింది అడుగు.”

“ఎప్పట్నుంచి?”

చక్రం తనంతట తాను కొంచెం తిరిగి ఆగింది. ముందు గదిలో పనివాళ్ళు ఏదో జోకుకు నవ్వుకుంటున్నారు.

“గోడలు కనబడతాయి. మనుషులు అంచుల్లో కనబడతారు” అందామె. “సూటిగా చూసిన చోట మసి బొట్టు పెట్టినట్టుంటుంది. నీ మొహం చూద్దామంటే నీ చెవులు కనబడతాయి. అవేమంత చూడముచ్చటైనవి కావు.”

“డాక్టరుకు చూపించావా?”

“చూపించా. కళ్ళజోడుకు లొంగేది కాదన్నాడు. పోయిన మేర తిరిగి రాదట. మిగిలింది ఎంతకాలమో చెప్పలేనన్నాడు.”

“వాడి పాటకు ముందా, తర్వాతా?”

“ముందు.”

“ముందే తెలిసి ఆ మీట మీద చెయ్యి వేశావా? నాకొక్క మాట చెప్పకుండా? ఆ అలమరలో వేరేవాళ్ళ అచ్చులు ఎన్నున్నాయో తెలుసా? అవన్నీ నువ్వు కొట్టినవే. అవెలా ఉన్నాయి? ఇది నీ ఒక్కదాని చెయ్యా, ఈ కార్ఖానా మొత్తం...” గొంతు పెరిగిందని ఆయనకు తెలుస్తోంది. ముందు గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఆయన గొంతు తగ్గించాడు. “ఎందుకు చేశావే?”

“వాడి మొదటి పాటన్నయ్యా. వేరేవాళ్ళ చేత కొట్టించనా?” ఆవిడ కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించింది. “చేత్తో కుదురుతుందనుకున్నా. ఇన్నేళ్ళ చెయ్యి కదా. మిగతావి కుదిరాయి కూడా, చూసుకో. వాడిదగ్గర చెయ్యి తప్పింది. రికార్డు ఇంటికి తెచ్చి వేశాడు. మొదటి వరసలోనే తెలిసిపోయింది నాకు. వాడు వంటింట్లో గిన్నెల మీద దరువేస్తూ కట్టిన పాటది. అది కుదురుగా ఎలా ఉంటుందో వాడి తర్వాత నాకొక్కదానికే తెలుసు. ముద్ద దిగలేదు. చెప్పేద్దామని నోరు తెరిచేలోపు వాడు, ‘అమ్మా, విన్నావా, ఎలా ఊగుతోందో’ అని గంతులేశాడు. ఏం చెప్పను? తర్వాత వీధి వీధంతా అదే పాట. ఒక్కొక్కళ్ళు మెచ్చుకుంటుంటే ఒక్కొక్క రాయి పడ్డట్టుండేది.”

మావయ్య పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు. వచ్చిన ప్రతి లాభానికీ ఎక్కడో ఎవరి ఇంట్లోనో తరుగు పడుతుందని ఆయన బేరాల్లో చాలాసార్లు అన్నాడు. ఆ ఇల్లు తనదే అవుతుందని అనుకోలేదు.

“వాడికి చెప్పాలి” అన్నాడు.

“చెప్పావో, నీ గడప తొక్కను.” మెల్లగానే అంది. “చెబితే వాడు బస్సెక్కడు. నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటాడు. వాణ్ణి పెంచింది అందుకా? బస్సు కదిలేదాకా నోరు కట్టుకో. తర్వాత దండోరా వేయించుకో.”

“వాడు ఊగే రికార్డులు కావాలంటున్నాడు. అవి లేకపోతే బస్సులో వాడికి చోటే లేదు.”

“తెలుసు. అందుకే వచ్చా.” ఆవిడ తన కుర్చీలో కూర్చుంది. చేతులు చీర చెంగుకు తుడుచుకుని, చక్రం మీంచి రికార్డు తీసి ఇచ్చి, “అచ్చు ఏది?” అంది.

“బుజ్జీ, నేను కొలిచి కొడతా. నువ్వు లే.”

“నా తప్పును నేనే చేస్తా. నువ్వు అద్దంలో చూసి చెప్పు, చెయ్యి మాత్రం నాది.” గుడ్డ విప్పి అచ్చును చక్రం మీద సర్దింది. వేలి కొసలు అంచు చుట్టూ పాకాయి. సరిగ్గా కూర్చోబెట్టే వేళ్ళు అవి, వంకరగా పెట్టడం వాటికి చేతకావడం లేదు. జరపబోయి ఆగుతున్నాయి. ఆవిడ మొహంలో మొదటిసారి బెదురు కనిపించింది. “అన్నయ్యా, ఆ రోజు నేను సరిగ్గానే పెట్టాననుకున్నా. ఎటు తప్పానో తెలిస్తే తప్పేదాన్నా?”

మావయ్య అద్దానికి కన్ను ఆనించాడు. “ఎడమకి. ఇంకొంచెం. ఆగు, ఎక్కువైంది. వెనక్కి.” ఆయన చెబుతున్నాడు, ఆవిడ జరుపుతోంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిలు తొక్కినట్టు, ఒకరి కళ్ళు, ఒకరి కాళ్ళు. కాలవ ఊగుతోంది. పాత రికార్డులో ఊగినంత, ఊగినవైపే. “అదీ! అక్కడ ఆపు. కదలకు.”

ఆవిడ కుడి చెయ్యి మీట మీదికి వెళ్ళింది.

అప్పుడు మావయ్య తల ఎత్తాడు. ఎందుకు ఎత్తాడో ఆయనకే తెలియదు. గుమ్మంలో అల్లుడు నిలబడి ఉన్నాడు. చేతిలో బూట్ల జత. చెప్పినట్టే బయట విప్పి, చప్పుడు లేకుండా వచ్చాడు. ఎంతసేపయిందో! వాడి మొహం చూస్తే ఎంతసేపయిందో తెలుస్తోంది.

తల్లి కూడా గాలి మారినట్టు పసిగట్టి గుమ్మం వైపు తిరిగింది. సూటిగా వాడి మొహంలోకి చూసింది. ఒక చెయ్యి పచ్చగా, ఒక చెయ్యి ఎర్రగా, వీధి చివరనుంచే గుర్తుపట్టేలా ఉన్న కోటు వైపు.

“ఎవరు బాబూ?” అంది మర్యాదగా. “రికార్డులు వాపసివ్వడానికైతే ముందు గదిలో ఇవ్వండి. ఇక్కడికి దుమ్ము రాకూడదు.”

వాడి పెదవులు కదిలాయి. ‘అమ్మా’ అనబోతున్నాడని మావయ్యకు అర్థమైంది. అనేస్తే రేపటి బస్సు లేదు, రేడియో లేదు, ఆవిడ ఇన్నాళ్ళూ గుండెలో దాచుకున్న మాటా లేదు. అనకపోతే తల్లికి కొడుకు పరాయివాడు. వద్దనాలో అనమనాలో తెలియక ఆయన చెయ్యి సగం లేచి గాలిలో ఆగిపోయింది.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఏ గొంతైనా పలికించగల గొంతు అది. ముసలి బేరగాడి బొంగురు గొంతు తెచ్చుకుని, “అవునండీ, వాపసివ్వడానికే వచ్చా” అన్నాడు. “కాని మనసు మారింది. ఊగే రికార్డే కావాలి. మీరు కానివ్వండి, నేను నిలబడతా.”

ఆవిడ తల అటే తిప్పుకుని ఉండిపోయింది. మీట మీద చెయ్యి దిగలేదు, పైకీ రాలేదు. కళ్ళు మోసం చేయొచ్చు గాని, వంటింట్లో గిన్నెల చప్పుడులోంచి ఆ గొంతును ఏరుకున్న చెవులు ఆవిడవి. వేలి కింద అచ్చు ఆపిన చోటునుంచి మెల్లగా, వెంట్రుకవాసి, పక్కకు జరగడం మావయ్య చూశాడు.